హెపటైటిస్ బీ ఉంటే సంతాన చికిత్స ఎందుకు చేయరు?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక ఆరోగ్యం పేజీలో ఐవీఎఫ్ గురించి, ట్యూబులు మూసుకుపోవడం గురించి, మగవాళ్లలో కౌంట్ తగ్గడం గురించి తరచూ రాస్తుంటారు, నేను ఒక్కటీ వదలకుండా చదువుతాను. కానీ ఆ చికిత్స మొదలుపెట్టే ముందు చేసే రక్తపరీక్షలో, లివర్‌కు సోకే వైరస్ హెపటైటిస్ బీ పాజిటివ్ అని వస్తే ఆ భార్యాభర్తల పరిస్థితి ఏంటన్నది నాకు ఎక్కడా కనబడలేదు. అది రాద్దామనే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే అయింది, వీలైతే కోయకుండా వేయండి, సగం సగం మాటలు విని భయపడిన వాళ్లు మా దగ్గర ఇప్పటికే చాలామంది ఉన్నారు.

నాకు హెపటైటిస్ బీ ఉంది. నా భర్తకు లేదు. మేముండేది హన్మకొండలో, ఆయన ఒక విత్తనాల షాపులో లెక్కలు చూస్తారు, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. నాకు రెండు ట్యూబులూ మూసుకుపోయాయి కాబట్టి ఐవీఎఫ్ ఒక్కటే దారి అని ట్యూబ్ టెస్ట్ చేసిన డాక్టరమ్మ మొదట్లోనే చెప్పింది. ఐనవోలు మల్లన్నకు మొక్కుకున్నాం, మేడారం పోయి అమ్మవార్లకు బంగారం (బెల్లం) పెట్టి వచ్చాం, ఆ నమ్మకం నాకు ఇప్పటికీ ఉంది. దాంతోపాటే చిట్టి ఎత్తి, కొంత అమ్మవాళ్ల దగ్గర తీసుకుని చికిత్సకు సిద్ధమయ్యాం. ఐవీఎఫ్ అంటే ఒక్కసారికే లక్షన్నర, రెండు లక్షలు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ, మాలాంటి ఇంట్లో అది ఊరికే వచ్చే డబ్బు కాదు.

మొదట వెళ్లింది ఇక్కడి ఒక సంతాన సాఫల్య కేంద్రానికి. స్కానింగులు చేశారు, హార్మోన్ పరీక్షలు చేశారు, ఆయనకు చేయాల్సినవీ చేశారు, ఏ నెలలో ఇంజెక్షన్లు మొదలుపెట్టాలో కూడా చెప్పారు. అన్నిటికంటే చివర హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షల రిపోర్టు వచ్చింది. రిసెప్షన్ దగ్గర కూర్చున్న అమ్మాయి హాల్లో అందరూ వింటుండగానే, "మేడం, మీకు హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ ఉంది, మీ కేస్ ఇక్కడ చేయరంట, హైదరాబాద్ చూసుకోండి" అన్నది. హెపటైటిస్ బీ వైరస్ ఒంట్లో ఉందో లేదో చెప్పే పరీక్ష అది. ఫైలు మీద ఎర్ర పెన్నుతో పెద్దగా రాసి ఉంది. పక్క కుర్చీలో ఉన్నావిడ లేచి దూరంగా పోయి కూర్చుంది. డాక్టరు గారిని ఒక్కసారి కలుస్తామని అడిగితే ఇప్పుడు ఖాళీ లేరన్నారు. ఆ పరీక్షల బిల్లులన్నీ మేము కట్టినవే. ఆ ఒక్క పరీక్ష మొదటే చేసి ఉంటే మా డబ్బు, మా ఆశ రెండూ మిగిలేవి కదా!

ఇంకో చోట చేస్తామన్నారు, కానీ "కిట్లు అన్నీ వేరేగా వాడాలి" అని పెద్ద మొత్తం అదనంగా చెప్పారు, దేనికి ఎంత అని అడిగితే కాగితం మీద రాసివ్వలేదు. మరో చోట డాక్టరు గారు మర్యాదగానే మాట్లాడారు, కానీ ఆ మాటే నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. "ముందు లివర్ డాక్టర్ దగ్గర మందులు వాడి నెగెటివ్ చేసుకుని రండి, అప్పుడు చూద్దాం" అన్నారు.

ఈ మాట ఎంత ప్రమాదమో పాఠకులకు అర్థం కావాలి. దీర్ఘకాలంగా ఉన్న హెపటైటిస్ బీ మందులతో అదుపులో ఉంటుంది, వైరస్ లెక్క బాగా పడిపోతుంది, లివర్ పాడుకాకుండా కాపాడుకోవచ్చు. కానీ హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష నెగెటివ్ అవడం చాలా అరుదు. ఏళ్ల తరబడి మందులు వాడినా ఎక్కువమందికి పాజిటివ్ గానే ఉంటుంది. ముప్పై దాటిన ఆడమనిషికి నెగెటివ్ అయ్యాక రమ్మంటే ఇక ఎప్పటికీ రావద్దన్నట్టే. వయసు పెరిగే కొద్దీ అండాలు తగ్గుతాయని చెప్పేది ఆ డాక్టర్లే, మళ్లీ ఎన్నటికీ రాని రిపోర్టు కోసం ఆగమనేదీ వాళ్లే. తెలిసి చెప్పారో తెలియక చెప్పారో కానీ ఆ మాట నమ్మి ఏళ్లు పోగొట్టుకున్న వాళ్లు ఉంటారు. కాజీపేట వైపు ఉండే ఒకామెను లివర్ డాక్టర్ దగ్గర కలిశాను, ఆమెదీ ఇదే కథ, నెగెటివ్ వస్తుందేమోనని మళ్లీ మళ్లీ పరీక్ష చేయించుకుంటూ నాటు మందులు, పసర్లు కూడా తాగింది, మధ్యలో పిల్లల కోసం చూపించుకోవడమే మానేసింది.

ఇప్పుడు జబ్బు గురించి కొంచెం చెప్తాను, ఎందుకంటే మా ఇంట్లో జరిగిన గొడవంతా ఇది తెలియకనే. కామెర్లు అనగానే అందరం ఒకటే అనుకుంటాం. కలుషితమైన నీళ్లు, తిండితో వచ్చేవి హెపటైటిస్ ఏ, ఈ. బీ అట్లా రాదు. అది రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. ఒకే కంచంలో తింటే రాదు, ఒకే బాత్‌రూమ్ వాడితే రాదు, దగ్గితే రాదు, ముట్టుకుంటే రాదు. బ్లేడు, టూత్‌బ్రష్, ఒకరికి వాడిన సూది లాంటివి మాత్రం పంచుకోకూడదు.

రిపోర్టు సంగతి ఇంట్లో తెలిసిన రోజు మా అత్తమ్మ, "ఏమైందట బిడ్డా, ఎట్ల అంటింది నీకు?" అని అడిగింది. ఆమె మామూలుగానే అడిగింది. కానీ ఆ తర్వాత వచ్చిన బంధువులు అడిగిన తీరు వేరు. పెళ్లికి ముందు నేను ఎక్కడ ఉద్యోగం చేశాను, ఏ హాస్టల్లో ఉన్నాను అని మా ఆడబిడ్డను పక్కకు పిలిచి అడిగారు. ఈ అనుమానం ఎంత అన్యాయమో ఒక్క విషయం తెలిస్తే చాలు. పెద్దయ్యాక ఈ వైరస్ సోకిన వాళ్లలో నూటికి 95 మంది దాకా ఒంట్లోని శక్తితోనే దాన్ని పోగొట్టుకుంటారు. అదే పుట్టినప్పుడో నెలల వయసులోనో సోకితే నూటికి 90 మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. అంటే నాలాగా ఏళ్లుగా పాజిటివ్ గా ఉన్న వాళ్లలో చాలామందికి అది వచ్చింది పసితనంలోనే. లివర్ డాక్టరు గారు చెప్పాక అమ్మకు, తమ్ముళ్లకు పరీక్ష చేయిస్తే అమ్మకు పాజిటివ్, చిన్న తమ్ముడికి పాజిటివ్. అమ్మకు ఈ పేరే తెలియదు. మమ్మల్ని కన్న రోజుల్లో ఊళ్లో మంత్రసాని చేతిలో కాన్పులు, ఆమెకు పరీక్ష చేసిందెవరు, మాకు టీకా వేసిందెవరు? ఆమె నా ముందు ఏడుస్తుంటే నేనే ఓదార్చాల్సి వచ్చింది. ఇందులో అమ్మ చేసిన తప్పు ఏముంది, నేను చేసిన తప్పు ఏముంది?

మన దేశంలో పిల్లలందరికీ ఇచ్చే టీకాల్లో హెపటైటిస్ బీ టీకాను 2002 తర్వాత ముందు కొన్నిచోట్ల మొదలుపెట్టి, దేశమంతటా ఇవ్వడం 2011 ప్రాంతంలో జరిగింది. అంటే ఇవాళ పెళ్లిళ్లు చేసుకుని పిల్లల కోసం చూస్తున్న మా వయసు వాళ్లలో ఎక్కువమందికి పుట్టగానే ఆ టీకా పడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022 నాటికి మన దేశంలో దాదాపు 3 కోట్ల మందికి హెపటైటిస్ బీ ఉంది. ప్రపంచం మొత్తం మీద చూస్తే ఉన్నవాళ్లలో 13 శాతం మందికే అది ఉన్నట్టు తెలుసు. ఇంతమంది ఉన్నప్పుడు సంతాన సాఫల్య కేంద్రం తలుపు తట్టే వాళ్లలో మాలాంటి వాళ్లు రోజూ వస్తూనే ఉంటారు, మేమేదో అరుదైన కేసు అన్నట్టు చూడటం దేనికి?

సరే, వైద్యం ఏం చెప్తుందో చూద్దాం. ఇదంతా నాకు ఒక లివర్ డాక్టరు గారు, తర్వాత హైదరాబాద్‌లో మాకు చికిత్స చేయడానికి ఒప్పుకున్న డాక్టరమ్మ ఓపికగా చెప్పినవి, తర్వాత నేను చదువుకున్నవి.

ముందుగా రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్ష, ఎస్‌జీపీటీ లాంటి లివర్ పరీక్షలు, అవసరమైతే లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ చేస్తారు. మందు కావాలా వద్దా అన్నది వాటిని బట్టి ఉంటుంది, పాజిటివ్ ఉన్న ప్రతి ఒక్కరికీ మందు అక్కర్లేదు. మందు వాడాల్సి వస్తే, పిల్లల కోసం చూస్తున్న ఆడవాళ్లకు టెనోఫోవిర్ అనే మందు ఇస్తారు, గర్భంలో కూడా దాన్ని వాడవచ్చు. ఎంటెకావిర్ అనే ఇంకో మందు వాడుతున్న ఆడవాళ్లు ఉంటే గర్భానికి ముందే ఆ సంగతి లివర్ డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి, సొంతంగా ఆపేయకూడదు. ఒక్కసారిగా ఆపితే లివర్ మీద దెబ్బ పడే ప్రమాదం ఉంది. ఇది ముఖ్యం, ఎందుకంటే ఐవీఎఫ్ హడావుడిలో మిగతా మందులన్నీ పక్కన పెట్టేసే వాళ్లున్నారు.

రెండోది భార్యాభర్తల్లో లేని వాళ్లకు టీకా. మూడు డోసులు, మొదటిది వేసుకున్నాక నెలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి. తొందర ఉంటే త్వరగా పూర్తి చేసే పద్ధతి కూడా ఉంది, డాక్టరును అడగాలి. చివరి డోసు అయ్యాక నెల రెండు నెలల్లో యాంటీబాడీ పరీక్ష చేస్తే 10 దాటి ఉండాలి, దాటితే రక్షణ వచ్చినట్టే. మా ఆయనకు వచ్చింది. ములుగు నుంచి వచ్చిన ఒక జంట కనిపించారు, వాళ్లలో ఆయనకు పాజిటివ్, ఆమెకు లేదు. వాళ్లకు చేయాల్సిన మొదటి పని ఆమెకు టీకా వేయించడం. ఆమెకు రక్షణ వచ్చాక ఆయన నుంచి ఆమెకు సోకుతుందన్న భయం తీరుతుంది, వేరే సమస్య లేకపోతే వాళ్లకు ఐవీఎఫ్ అవసరమే ఉండకపోవచ్చు. కానీ ఆ జంటకు ఒకచోట దాత వీర్యం తీసుకోమని సలహా ఇచ్చారట! ఒక టీకాతో పోయే దానికి ఆ మనిషికి తన బిడ్డ అనే ఆశే లేకుండా చేయడం న్యాయమేనా?

నాకూ ఇలాంటి సలహా వచ్చింది. దాత అండం తీసుకుంటే బిడ్డకు జబ్బు రాదని ఒక కౌన్సెలర్ చెప్పింది. అది తప్పు. తల్లి నుంచి బిడ్డకు ఈ వైరస్ ఎక్కువగా వచ్చేది కాన్పు సమయంలో, తల్లి రక్తం తగలడం వల్ల. అండం ఎవరిదైనా మోసేది, కనేది నేనే కదా, మరి దాత అండంతో ఆ భయం ఎట్లా పోతుంది? ఐవీఎఫ్ చేసినా, వీర్యకణాన్ని నేరుగా అండంలోకి పంపే ఇక్సీ చేసినా, మామూలుగా గర్భం వచ్చినా బిడ్డను కాపాడే పద్ధతి ఒక్కటే, అది కాన్పుకు ముందు, కాన్పు అయిన వెంటనే చేయాల్సింది.

ఆ పద్ధతి మన దగ్గర లేనిదీ కాదు, కొత్తదీ కాదు. గర్భంలో వైరల్ లోడ్ చూస్తారు. అది 2 లక్షల యూనిట్లు దాటితే చివరి మూడు నెలల్లో, ఇప్పుడు కొందరు డాక్టర్లు ఇంకా ముందు నుంచే, టెనోఫోవిర్ ఇస్తారు. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపే హెపటైటిస్ బీ టీకా పడాలి, ఎంత తొందరగా పడితే అంత మంచిది. దాంతోపాటు ఇంకో తొడకు, వెంటనే రక్షణ ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంజెక్షన్ ఇస్తారు, వీలైతే 12 గంటల్లోపే. తర్వాత అందరు పిల్లలకు వేసే 6, 10, 14 వారాల పెంటావాలెంట్ టీకాల్లో మిగతా డోసులు ఉంటాయి. ఇవన్నీ సరిగా జరిగితే నూటికి 90 మందికి పైగా పిల్లలకు జబ్బు రాదు, తల్లి మందు కూడా వాడితే ఆ రక్షణ ఇంకా పెరుగుతుంది. ఈ జబ్బు ఉందన్న ఒక్క కారణానికి ఆపరేషన్ కాన్పు అక్కర్లేదు. టీకా వేసిన బిడ్డకు తల్లి పాలు ఇవ్వవచ్చు. బిడ్డకు ఏడాది దగ్గరపడ్డాక ఒకసారి రక్తపరీక్ష చేసి రక్షణ వచ్చిందో లేదో చూసుకోవాలి. పాలు ఇవ్వొద్దని, బిడ్డను దూరంగా పడుకోబెట్టమని చెప్పే పెద్దవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు, వాళ్ల మాట వినకండి.

ఒక్క జాగ్రత్త నా తరఫున చెప్తాను. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ ఖరీదైనది, ప్రతి ఆస్పత్రిలో, ప్రతి మెడికల్ షాపులో అప్పటికప్పుడు దొరకదు. భూపాలపల్లి అడవి ఊళ్ల నుంచో ఏటూరునాగారం నుంచో అర్ధరాత్రి నొప్పులతో వచ్చిన తల్లికి అప్పుడు అది వెతకడం ఎవరి వల్లా కాదు. ఎనిమిదో నెలలోనే కాన్పు చేయించుకునే చోట అడిగి పెట్టుకోవాలి, తల్లి కార్డు మీద పాజిటివ్ అని రాయించుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2018 జులై 28న మొదలుపెట్టిన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో పరీక్షలు, మందులు, ఇలాంటి బిడ్డలకు ఈ ఇంజెక్షన్ ఉచితంగా ఇవ్వాలని ఉంది. అది ఏ ఆస్పత్రిలో ఉంది, ఎవరిని అడగాలి అన్నది మా ఆశ వర్కర్లకు, ఏఎన్ఎంలకు తెలియాలి, ఇప్పుడు నేను అడిగిన ఆశకు తెలియదు.

ఇక సంతాన సాఫల్య కేంద్రాల వాళ్లు చెప్పే మాట. వాళ్ల భయాన్ని నేను కొట్టిపారేయను. ల్యాబులో ఎందరివో అండాలు, వీర్యం, పిండాలు ఒకేచోట ఉంటాయి, ద్రవ నత్రజని ట్యాంకులో నిల్వ ఉంటాయి, ఒకరి నుంచి ఇంకొకరి నమూనాకు వైరస్ అంటితే అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ దానికి జవాబు ఎప్పుడో ఉంది. పాజిటివ్ ఉన్నవాళ్ల నమూనాలను వేరే సమయంలో చూడటం, సీలు వేసిన స్ట్రాల్లో పెట్టడం, వేరే ట్యాంకులో నిల్వ చేయడం. యూరప్‌లోని సంతాన చికిత్స నిపుణుల సంఘం ఈష్రే 2021లో ఇలాంటి వైరస్‌లు ఉన్న దంపతుల చికిత్స గురించి ప్రత్యేకంగా మార్గదర్శకాలే ఇచ్చింది. చికిత్స ఎట్లా చేయాలో అందులో ఉంది.

అంతదూరం ఎందుకు, డయాలసిస్ సంగతి చూడండి. హెపటైటిస్ బీ ఉన్న కిడ్నీ పేషెంట్లకు వేరే మిషన్ పెట్టి చేస్తున్నారు. అక్కడ వారానికి రెండు మూడుసార్లు రక్తం మొత్తం మిషన్లోకి పోయి వస్తుంది, అంత రక్తంతో పని ఉన్నచోట చేయగలిగినప్పుడు ఐవీఎఫ్ ల్యాబులో ఎందుకు చేయలేరు? ఒక చిన్న ట్యాంకు కొనడానికి కుదరని కేంద్రం ఉంటే ఆ మాట మొదటి రోజే చెప్పాలి, పేషెంటు దగ్గర వేలకు వేలు పరీక్షలు చేయించాక కాదు.

సిబ్బందికి సూది గుచ్చుకుంటుందేమోనన్న భయం కూడా విన్నాను. నర్సులకు, ల్యాబ్ టెక్నీషియన్లకు టీకా వేయించడం యాజమాన్యం పని. పాజిటివ్ అని తెలిసిన నా కంటే, ఎప్పుడూ పరీక్షే చేయించుకోని మనిషితోనే వాళ్లకు ప్రమాదం ఎక్కువ, టీకా ఉంటే ఇద్దరితోనూ భయం లేదు. ఈ టీకా విదేశాల నుంచి తెప్పించుకుంటూ మామూలు మనిషి కొనలేని రోజుల్లో, మన హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలోనే మొదటిసారి రీకాంబినెంట్ (జన్యు మార్పిడి పద్ధతిలో చేసే) హెపటైటిస్ బీ టీకాను తయారుచేసి అందుబాటు ధరకు తెచ్చింది. ఆ సంస్థను పెట్టిన వరప్రసాద్ రెడ్డి గారి పేరు తెలియని తెలుగువాళ్లు తక్కువ. ప్రపంచంలో ఎన్నో దేశాల పిల్లలకు టీకా ఇచ్చిన రాష్ట్రం ఇది. అలాంటి రాష్ట్రంలోనే, హైదరాబాద్‌కు నూట యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న మాకు ఈ జబ్బు పేరు చెప్పి తలుపు దగ్గరే ఆపేస్తున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

చట్టం సంగతికి వస్తే, హెచ్ఐవీ ఉన్నవాళ్లపై వివక్ష చూపకూడదని 2017లో చట్టం వచ్చింది, ఆస్పత్రులకు కూడా అది వర్తిస్తుంది. మంచి చట్టం. హెపటైటిస్ బీ ఉన్న మాకు అట్లాంటి ప్రత్యేక రక్షణ లేదు. అయితే 2021లో వచ్చిన సంతాన సాఫల్య చికిత్సల చట్టం ప్రకారం ప్రతి క్లినిక్ రిజిస్టర్ అయి ఉండాలి, దంపతుల వివరాలు రహస్యంగా ఉంచాలి, వాళ్లకు కౌన్సెలింగ్ ఇవ్వాలి, ఫిర్యాదులు తీసుకునే విభాగం ఉండాలి. హాల్లో అందరి ముందు నా రిపోర్టు చదివిన రోజు ఈ సంగతి నాకు తెలిసి ఉంటే అక్కడే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చేదాన్ని. ఇప్పుడు చదువుతున్న వాళ్లకైనా తెలియాలని రాస్తున్నాను.

ప్రస్తుతం మాకు హైదరాబాద్‌లో చికిత్స జరుగుతోంది. ఇంజెక్షన్ల రోజుల్లో రోజు విడిచి రోజు స్కానింగు ఉంటుంది, కాజీపేటలో పొద్దున్నే రైలెక్కి సాయంత్రానికి వస్తాం, ఇంజెక్షన్లు ఐస్ పెట్టిన ఫ్లాస్కులో పట్టుకుని తిరగాలి, స్కూల్లో సెలవు పెడితే జీతం కట్. ఆయన షాపులో కూడా అంతే, పత్తి విత్తనాల సీజన్లో సెలవు అడగడమే కష్టం. నేను చేయించుకోగలుగుతున్నాను, కానీ మహబూబాబాద్ అవతల తండాల నుంచి వచ్చే వాళ్లు ఇట్లా తిరగగలరా? అక్కడి ఆడవాళ్లకు పిల్లలు కాకపోతే ఇంట్లో ఏమవుతుందో నేను విడిగా రాయాల్సిన పని లేదు. మా ఆయనకు ఇంకో పెళ్లి చేద్దామన్న మాట మా ఇంట్లోనే ఒకసారి ఒక పెద్దాయన నోట వచ్చింది. మా ఆయన ఆ పెద్దాయన ముందే లేచి, "మా సంగతి మేం చూసుకుంటాం పెదనాన్నా, ఆ మాట మళ్లా అనొద్దు" అన్నారు. అందరికీ అట్లాంటి భర్త దొరకడు.

మన రాష్ట్రంలో సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రిలో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రాన్ని 2023లో ప్రారంభించారు. ఉత్తర తెలంగాణ మొత్తానికి పెద్దదిక్కు వరంగల్, ఆదిలాబాద్, కరీంనగర్, ఖమ్మం వైపుల నుంచి కూడా జనం వైద్యానికి ఇక్కడికే వస్తారు. ఇక్కడ కూడా ప్రభుత్వ కేంద్రం పూర్తిస్థాయిలో నడవాలి, అందులో హెపటైటిస్ బీ, సీ, హెచ్ఐవీ ఉన్న దంపతులకు మొదటి రోజు నుంచే ఏర్పాటు ఉండాలి. తర్వాత చేరుస్తామంటే అది ఎప్పటికీ చేరదు, ల్యాబు కట్టేటప్పుడే ఆ రెండో ట్యాంకు పెట్టాలి. ప్రైవేటు కేంద్రాలకు లైసెన్సు ఇచ్చే అధికారులు, తనిఖీకి వెళ్లినప్పుడు ఈ దంపతులకు చేస్తున్నారా లేదా, చేస్తే అదనంగా ఎంత, చేయకపోతే ఎక్కడికి పంపుతున్నారు అన్నది అడిగి, ఆ జవాబు ఫీజుల బోర్డు పక్కనే అందరికీ కనబడేలా పెట్టించాలి. మాకు కావాల్సింది జాలి కాదు, చేస్తారో చేయరో మొదటే చెప్పే ఒక్క నిజమైన మాట.

మీ పత్రికకు కూడా ఒక కోరిక. మీ ఆరోగ్యం పేజీలో ఒక లివర్ డాక్టరు, ఒక సంతాన వైద్యురాలు కలిసి ఈ విషయం మీద రాస్తే బాగుంటుంది, పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తే ఇంకా బాగుంటుంది. పెళ్లికి ముందు హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష చేయించుకోవాలా, పాజిటివ్ వస్తే సంబంధం చెడగొట్టుకోవాలా అని అడిగే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. చేయించుకోవాలి, పాజిటివ్ వస్తే అవతలి వాళ్లకు చెప్పాలి, వాళ్లు టీకా వేయించుకోవాలి, పెళ్లి చేసుకోవాలి. ఇది నా మాటగా రాస్తే ఎవరూ వినరు, డాక్టర్ల పేరుతో వస్తే వింటారు.

ఈ ఉత్తరం వేస్తే నా పేరు, స్కూలు పేరు వేయకండి. హన్మకొండ అని మాత్రం వేయండి, ఇక్కడి కేంద్రాల వాళ్లు చదవాలి. నా గురించి నాకు భయం లేదు, చెప్పాల్సిన వాళ్లందరికీ ఎప్పుడో చెప్పేశాం. మా చిన్న తమ్ముడికి సంబంధాలు చూస్తున్నాం, వాడి సంగతి అవతలి వాళ్లకు మేమే ఇంటికి పోయి, ఎదురుగా కూర్చుని చెప్పాలి, పేపర్లో చూసి తెలుసుకోకూడదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హన్మకొండ